ఉమ్మెత్త ముఠాలు: సాక్ష్యం, చట్టం, చరిత్ర

పంతొమ్మిదో శతాబ్ది భారతదేశంలో బాటసారులను చంపి దోచుకున్నవారు అనగానే రుమాలుతో గొంతు బిగించే థగ్గులే స్ఫురిస్తారు. అదే కాలంలో ఆహారంలో ఉమ్మెత్త గింజల పొడి కలిపి దోపిడీ చేసిన ముఠాలకు చరిత్రరచనలో అంత స్థానం దక్కలేదు. థగ్గుల అణచివేతకు నాయకత్వం వహించిన విలియం స్లీమన్ 1844లో వెలువరించిన జ్ఞాపకాల గ్రంథంలో, ఈ విషప్రయోక్తలు బెంగాల్‌లో ఎంతమంది ఉన్నారో బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలలోనూ అంతమంది ఉన్నారని పేర్కొన్నాడు. ఇది అధికారి అంచనాయే తప్ప లెక్క కాదు. అయితే అతడు నమోదు చేసిన ఒక ఉదంతం ఈ నేరస్వభావాన్ని తెలుపుతుంది. ఒక వృద్ధ ఫకీరుకు, అతని కొడుకుకు విషాహారం పెట్టారు. తండ్రి బతికాడు, బిడ్డ మరణించాడు. దుండగులు ఆశించినది ఒక కంబళి.

ఈ ముఠాల ప్రధాన సాధనం నమ్మకం. తోటి ప్రయాణికులుగా కలిసి, కలిసి వండుకొని, అదను చూసి విషం కలిపేవారు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపలమిన్‌ల వల్ల నోరు ఎండిపోతుంది, కనుపాపలు విప్పారుతాయి, మతి చలిస్తుంది. మోతాదు మించితే ప్రాణం పోతుంది. బతికినవారికి జరిగినది తరచుగా గుర్తుండదు. అంటే ఈ విషం సొమ్ముతోపాటు సాక్ష్యాన్నీ హరించేది.

1836 నాటి 30వ చట్టం థగ్గుల ముఠాలో సభ్యత్వాన్నే యావజ్జీవ శిక్షార్హం చేసింది. దాని అమలు ప్రధానంగా అప్రూవర్ల వాంగ్మూలాలపై నడిచింది. 1860 నాటి శిక్షాస్మృతి ఈ నేరాన్ని రెండు పాయలుగా చూసింది. హత్యతో కూడిన దోపిడీకి అలవాటుగా జట్టుకట్టినవారు 310వ సెక్షన్ ప్రకారం థగ్గులు. నేరం చేసే ఉద్దేశంతో విషమో మత్తుపదార్థమో ఇవ్వడం 328వ సెక్షన్ కిందికి వచ్చింది; దీనికి మరణం సంభవించనవసరం లేదు, శిక్ష గరిష్ఠంగా పదేళ్లు. బాధితుని జ్ఞాపకం విఫలమైనచోట వైద్యుని పరీక్ష అవసరమైంది. నార్మన్ చీవర్స్ 1856లో ప్రచురించిన న్యాయవైద్య గ్రంథం ఉమ్మెత్తకు ప్రాధాన్యమిచ్చింది. మిరప గింజలను పోలిన ఉమ్మెత్త గింజలను కడుపులో గుర్తించడం న్యాయవైద్యులకు ముఖ్యమైన పని అయింది. ఆ విధంగా సాక్ష్యం నోటి నుంచి ఉదరానికి మారింది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో థగ్గు సెక్షన్లు లేవు. విషప్రయోగ నేరం మాత్రం 123వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. వలస పాలన ఇచ్చిన పేరు చట్టం నుంచి తొలగింది. ఆ పేరు చాటున మరుగునపడిన నేరం తొలగలేదు. కనుక ఈ చరిత్రను ముఠాల సంఖ్యతో కాక, మాట కోల్పోయిన బాధితుల వైపు నుంచి తిరిగి చదవవలసి ఉంది.