హంద్రీ ముందు వచ్చింది

2009 అక్టోబర్ 2, శుక్రవారం. గాంధీ జయంతి. కర్నూలు పాతబస్తీలో ఒక బట్టల కొట్టు. కింద వ్యాపారం, పైన కాపురం. పేర్లు చెప్పను. ఆ రోజు ఆ సందుల్లో అలాంటి కొట్లు ఎన్నో మునిగాయి. వాటన్నిటినీ కలిపి ఒక్క ఇంటి కథగా చెబుతున్నాను.

"నాయనా, హంద్రీ పొంగిందంట. వంతెన కాడ జనం పోగయినారు" అన్నాడు కొడుకు.

"హంద్రీ అంటే వంక రా. పొద్దుగూకేలోపల తీసిపోతాది."

పెద్దాయన మాటలో తప్పు పట్టలేం. ఆ ఏడాది దేశమంతటా రుతుపవనాలు ముఖం చాటేశాయి. వర్షపాతం లోటు 22 శాతం. 1972 తర్వాత అంతటి అనావృష్టి లేదు. సెప్టెంబర్ చివరిదాకా సీమ రైతులు ఆకాశం వైపే చూశారు. ఆ తర్వాత అల్పపీడనం పట్టుకుంది. కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు ప్రాంతాల మీద కుంభవృష్టి కురిసింది.

హంద్రీ ముందు వచ్చింది. మోరీలు ఎదురుతన్నాయి. నీళ్లు గడప దాటాయి. దసరా సెప్టెంబర్ 28న అయిపోయింది, దీపావళి అక్టోబర్ 17న. పండగ సరుకంతా కొట్లో ఉంది. తండ్రీకొడుకులు కింది అరల్లోని చీరల కట్టలను పై అరల్లోకి ఎక్కించారు.

ఆపైన తుంగభద్ర వచ్చింది. హంద్రీ ఆ ఊరి దగ్గరే తుంగభద్రలో కలుస్తుంది. పెద్ద నది నిండుగా ఉంటే చిన్న నదికి దారి దొరకదు, ఊళ్లోకే మళ్లుతుంది. దిగువన శ్రీశైలం. 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టిన ఆ ఆనకట్టకు ఆ వరదలో దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 885 అడుగులు దాటకూడని నీటిమట్టం 896 అడుగులకు చేరింది. ఆనకట్ట నిలబడింది, అది మన అదృష్టం. కానీ జలాశయం అంత ఎత్తున నిండి ఉంటే, ఎగువనున్న ఊరి నీళ్లు తొందరగా ఎలా దిగుతాయి?

నీళ్లు షట్టర్ అంచును మింగాయి. కరెంటు పోయింది.

"అన్నా, మిద్దెక్కండి! అవ్వను ఎత్తుకొని పైకి రాండి!" పక్క మిద్దె మీది నుంచి కేక. ముసలావిడను వీపున వేసుకుని కొడుకు పైకి చేరాడు. అప్పుడు గుర్తొచ్చింది పెద్దాయనకు.

"లెక్కల పుస్తకాలు! బిల్లులు! గల్లాపెట్టె కిందనే ఉండాయి!"

కొడుకు మెట్ల వైపు కదిలాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు దిగొద్దు. పుస్తకాలు మళ్లీ రాసుకోవచ్చు."

ఆమె ఆపింది కాబట్టే అతను బతికాడు. ఆ రాత్రి మిద్దెల మీద నిలబడి ఎదురుచూసిన వేల మందిలో ఆ కుటుంబమూ ఉంది. అవతల మంత్రాలయం, అలంపురం కూడా నీళ్లలోనే ఉన్నాయి.

నీళ్లు తీశాక మిగిలింది ఒండ్రు. ఉబ్బిపోయిన చీరల కట్టలను పారలతో ఎత్తి వీధిలో పోశారు. కొన్నాళ్లకు ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు.

"స్టాకు రిజిస్టరు ఉందా?"

"మునిగిపోయింది సార్."

"కొనుగోలు బిల్లులు?"

"అవీ అంతే. సార్, మాది ఫైర్ పాలసీ గదా. నీళ్లకు వస్తాదా?"

ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. అప్పట్లో వ్యాపారులకు ఇచ్చే ఫైర్ పాలసీలో వరద, తుఫాను నష్టాలూ ఉండేవి. అయితే ప్రీమియం తగ్గించుకోవడానికి ఆ భాగాన్ని తీసేయించుకునే వీలూ ఉండేది. నది ఒడ్డున కొట్టు పెట్టుకుని ఆ కాస్త డబ్బు మిగుల్చుకున్నవాడికి పైసా రాదు.

వీళ్ల పాలసీలో వరద ఉంది. పెద్దాయన ఊపిరి పీల్చుకున్నాడు. దెబ్బ ఇంకోచోట తగిలింది. సరుకు విలువ 20 లక్షలనుకుందాం. పాలసీ మాత్రం బ్యాంకు అప్పుకు సరిపడా 8 లక్షలకే తీసుకున్నారు. నష్టం 15 లక్షలు. 8 లక్షలూ వస్తాయని వాళ్ల లెక్క. రాలేదు. విలువలో ఎంత భాగానికి బీమా చేశారో, నష్టంలోనూ అంత భాగమే ఇస్తారు. 20లో 8 వంతులు. అంటే 6 లక్షలు. అదీ ముందు అప్పు ఖాతాకే జమ.

"మిగతాది?" అన్నాడు కొడుకు.

"మిగతా నష్టం మీరే భరించాలి."

నాకు కోపం వచ్చేది ఇక్కడే. సంతకం పెట్టించుకున్న రోజు ఈ ఒక్క లెక్క ఎవరైనా తెలుగులో విడమరిచి చెప్పి ఉంటే ఆ కుటుంబం మరికొంత ప్రీమియం కట్టి ఉండేది. అప్పిచ్చినవారు తమ అప్పు వరకే చూసుకున్నారు. కొట్టు సంగతి ఎవరికీ పట్టలేదు. చివరికి వాళ్లను ఆదుకున్నవి రెండే: సరుకు పంపిన ఊళ్ల నుంచి తెప్పించుకున్న బిల్లుల నకళ్లు, బ్యాంకుకు నెలనెలా ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంట్లు.

ఇప్పుడు కొంత మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష పాలసీ ఉంది. అందులో వరద కలిసే ఉంటుంది. ఇంటికి బీమా చేస్తే సామాన్లకూ ఆ మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు రక్షణ దానంతటదే వస్తుంది. తక్కువ విలువకు బీమా చేశారని ఇంటి క్లెయిములో కోత పెట్టరు. చిన్న వ్యాపారులకు భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష ఉంది. కానీ అక్కడ సరుకు విలువను బాగా తగ్గించి చూపితే పాత కోత తప్పదు.

మీది నది ఒడ్డునున్న ఊరైతే, వాగు పక్క కాలనీ అయితే, ఈ ఆదివారమే పాలసీ కాగితం బయటికి తీయండి. వరద అందులో ఉందో లేదో, విలువ నేటి ధరల్లో రాశారో లేదో, గోదాము చిరునామా కూడా ఎక్కించారో లేదో చూడండి. బిల్లులు ఫోన్లో ఫొటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న బంధువుకు పంపండి. వరద వచ్చాక తీసుకున్న పాలసీ ఆ వరద నష్టానికి వర్తించదు.