ఒక పాట – ఎన్నో గొంతులు

నేను నాటాల్ చెరకు తోటలకు వచ్చినవారి మూడవ తరము వాడను, బడి పంతులును. సాయంకాలపు తరగతులలో నేర్చిన తెలుగు నాది; తప్పులుంటే మన్నించండి.

చర్చి పాటల ఊపును ప్రేమ పాటలకు తెచ్చిన అమెరికా నల్లవారి సంగీతమునకు సోల్ అని పేరు. 1961లో బెన్ ఇ. కింగ్ పాడిన 'స్టాండ్ బై మీ' అటువంటిదే. నా పక్కన నిలబడు అని దాని అర్థము. జెర్రీ లీబర్, మైక్ స్టోలర్‌లతో కలిసి ఆయన దానిని రాశాడు. అంతకుముందే, 1905లో, ఫిలడెల్ఫియా పాస్టరు చార్లెస్ టిండ్లీ ఇదే పేరుతో ఒక కీర్తన రాశాడు. ఆయన తండ్రి బానిస. కీర్తనలో తోడు అడిగినది దేవుణ్ణి; సోల్ పాటలో ప్రియురాలిని.

1975లో జాన్ లెనన్ దీనిని రాక్ పద్ధతిలో పాడాడు. 1980లో మిక్కీ గిల్లీ పాడగా కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానము పొందింది. 2010లో ప్రిన్స్ రాయిస్ బచాటా బాణీలో, కొంత ఇంగ్లీషు, కొంత స్పానిష్ కలిపి పాడాడు. 2018లో విండ్సర్‌లో రాజకుమారుడు హ్యారీ పెళ్ళిలో కింగ్‌డమ్ కోయిర్ బృందము గోస్పెల్ శైలిలో పాడింది. చర్చి నుండి బయలుదేరిన పాట మళ్ళీ చర్చికి చేరినది.

మా నాయనమ్మ పాటను నా మనుమరాలు గిటారు మీద పాడుతుండగా, ఒకసారి మధ్యలో ఆపి ఉచ్చారణ దిద్దాను. ఆరు నెలలు ఆమె మళ్ళీ పాడలేదు. బాణీ మారినా పాట బతుకుతుంది; పాడేవారు లేకపోతేనే పోతుంది. ఈ ఉత్సవములో మన పిల్లలు పాడేటప్పుడు వారి పక్కన నిలబడుదాము.