మెదడు గీసిన గీత

మన బడి ఫిజిక్సు ల్యాబులో చెక్కపెట్టెలో అమర్చిన గాల్వనోమీటరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. సెల్లు తీగ తగిలించగానే ముల్లు గభాలున ఒక పక్కకి పోయేది. కరెంటు ఉందని కంటికి చూపించే సాధనం మనకి అదొక్కటే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లుగా కొలత సాధనాలతోనే నా ఉద్యోగం గడిచింది. అందుకని స్వర్ణోత్సవ సంచికకి వ్యాసం ఇమ్మన్నప్పుడు, ఆ ముల్లు వంశంలోనే పుట్టిన ఒక యంత్రం చరిత్ర రాద్దామనుకున్నాను. అది ఈఈజీ. తల మీద తీగలు అతికించి, మెదడులోని విద్యుత్తును గీతలుగా గీసే యంత్రం. మూర్ఛరోగాన్ని, అంటే మనం ఫిట్స్ అనేదాన్ని, శాపాల ఖాతాలోంచి జబ్బుల ఖాతాలోకి మార్చడంలో దాని పాత్ర చాలా పెద్దది.

ముందు ఒక చిన్న లెక్క. టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులు ఇస్తుంది. ఈసీజీలో గుండె ఇచ్చేది ఇంచుమించు 1 మిల్లీవోల్టు. నెత్తి మీద చర్మం దగ్గర మెదడు నుంచి అందేది పదుల మైక్రోవోల్టులు మాత్రమే. 50 మైక్రోవోల్టులు అనుకుంటే, సెల్లు ఇచ్చేదాంట్లో 30,000వ వంతు. కనురెప్ప కొట్టినా, దవడ బిగించినా, గోడలో కరెంటు వైరు ఉన్నా అంతకంటే ఎక్కువ అలజడి పుడుతుంది. తిరునాళ్ల రద్దీలో నిలబడి పక్క వీధిలో ఎవరో గుసగుసలాడితే వినడం లాంటి పని ఇది.

1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ మొదటిసారి ఆ గుసగుస విన్నాడు. కుందేళ్ల, కోతుల పుర్రె తెరిచి, మెదడు మీద నేరుగా తీగలు పెట్టాడు. గాల్వనోమీటరుకి చిన్న అద్దం అమర్చి, దాని మీద పడిన వెలుగు గోడ మీద ఎంత కదిలిందో చూశాడు. మెదడులో కరెంటు ఉందని, అది నిలకడగా ఉండదని ప్రకటించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన తర్వాత ఆ ఊరికి మేయరయ్యాడు. లివర్‌పూల్‌లో ఆ పేరే ఎక్కువమందికి గుర్తుండి ఉంటుంది.

మనిషి మెదడు దాకా రావడానికి ఇంకో 49 ఏళ్లు పట్టింది. ఆ పని చేసినవాడు జర్మనీలోని జేనా నగరంలో మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. ఆయన ఈ దారి పట్టిన కారణం విచిత్రమైనది. 1890ల్లో సైన్యంలో శిక్షణ పొందుతుండగా గుర్రం మీద నుంచి ఫిరంగి బండి చక్రం ముందు పడ్డాడు. వెంట్రుకవాసిలో బతికాడు. అదే సాయంత్రం ఊరి నుంచి తండ్రి టెలిగ్రాం వచ్చింది, నువ్వు క్షేమమేనా అని. తమ్ముడికి ఏదో ప్రమాదం జరిగిందని ఇంట్లో అక్క పట్టుబట్టి ఆ టెలిగ్రాం ఇప్పించిందట. మనసు నుంచి మనసుకి ఏదో శక్తి ప్రసరిస్తుందని బెర్గర్ నమ్మాడు. ఆ శక్తిని కొలవాలని జీవితమంతా వెతికాడు. అది దొరకలేదు. వెతుకులాటలో ఈఈజీ దొరికింది. మా వృత్తిలో ఇలాంటివి అరుదేమీ కాదు.

1924 జులై 6న, మెదడు శస్త్రచికిత్స జరుగుతున్న 17 ఏళ్ల కుర్రాడి తల నుంచి ఆయన మొదటి గీత సంపాదించాడు. కానీ ఐదేళ్లు నోరు విప్పలేదు. ఇది మెదడుదేనా, గుండెదా, కండరానిదా, నా తీగల లోపమా అని ఒక్కొక్కటే తోసిపుచ్చుకుంటూ పోయాడు. సొంత కొడుకు క్లాస్‌ని కూర్చోబెట్టి పదేపదే గీతలు తీశాడు. 1929లో గాని వ్యాసం ప్రచురించలేదు. కళ్లు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు సెకనుకి సుమారు 10 తరంగాలు వస్తాయని, వాటికి ఆల్ఫా అని పేరు పెట్టాడు. ఎలక్ట్రోఎన్‌సెఫలోగ్రామ్ అనే పేరు కూడా ఆయన ఇచ్చినదే.

ప్రపంచం మళ్లీ నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఎడ్గర్ ఏడ్రియన్, బ్రయన్ మాథ్యూస్ మెరుగైన యాంప్లిఫయర్లతో అదే పని చేసి, సభలో అందరి ముందూ చూపించాక గాని నమ్మలేదు. ఏడ్రియన్ అప్పటికే నోబెల్ బహుమతి గ్రహీత. ఆ రోజు తన తలకే తీగలు పెట్టుకున్నాడు. కళ్లు మూస్తే తరంగం, తెరిస్తే మాయం. పక్కనే ఒక నీటి పురుగు మెదడు నుంచి వచ్చే తరంగం కూడా చూపించారు. దాని కంట్లో వెలుగు పడితే అదీ అలాగే మాయమైంది. మహా మేధావికీ నీటి పురుగుకీ ఇంత పోలిక ఉండటం సభలో కొందరికి ఏమాత్రం రుచించి ఉండదు.

ఇక్కడి నుంచి కథ మూర్ఛ వైపు తిరుగుతుంది. నాడీకణాల్లో ఒక్కసారిగా జరిగే మితిమీరిన విద్యుత్ విడుదలే మూర్ఛకి కారణమని లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ 1870ల్లోనే చెప్పాడు. అది రోగులను పరిశీలించి, ఊహించి చెప్పిన మాట. రుజువు అమెరికాలో బోస్టన్ నుంచి వచ్చింది. ఫ్రెడరిక్ గిబ్స్, హాలోవెల్ డేవిస్, విలియం లెనాక్స్ 1935లో ప్రచురించిన వ్యాసంలో చిన్నపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ గీతలున్నాయి. సెకనుకి మూడుసార్లు, ఒక సూది మొన, దాని వెంట గుండ్రటి అల. మళ్లీ మొన, మళ్లీ అల. ఒకసారి చూస్తే మరిచిపోయే ఆకారం కాదది.

గిబ్స్‌కి మూడు చానెళ్ల యంత్రం తయారుచేసి ఇచ్చింది ఆల్బర్ట్ గ్రాస్ అనే కుర్ర ఇంజనీరు. తర్వాత ఆయన భార్య ఎలెన్‌తో కలిసి పెట్టిన కంపెనీ యంత్రాలు దశాబ్దాలపాటు ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో నడిచాయి. వైద్య చరిత్ర పుస్తకాల్లో ఇంజనీర్లకి ఒక వాక్యం దక్కితే గొప్ప. అందుకే ఈయన పేరు ఇక్కడ రాస్తున్నాను. ఆ యంత్రాల్లో కాగితం సాధారణంగా సెకనుకి 30 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే ఆ మొనలు సెంటీమీటరుకి ఒకటి చొప్పున పడతాయి. ఇరవై నిమిషాల పరీక్షకి 36 మీటర్ల కాగితం. కంప్యూటర్లు వచ్చేదాకా ఆసుపత్రి బీరువాలన్నీ ఆ కట్టలతోనే నిండిపోయేవి.

మన ఉపాధ్యాయులకి ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఆ సెకనుకి మూడు మొనల జబ్బు గురించే. అందులో పిల్లవాడు కింద పడడు, నురగ కక్కడు. పాఠం మధ్యలో ఓ పది సెకన్లు చూపు నిలిచిపోతుంది, రాస్తున్న కలం ఆగుతుంది, పిలిస్తే పలకడు. వెంటనే మళ్లీ మామూలే. తనకి ఏమైందో వాడికే తెలియదు. ఇలా రోజుకి పదులసార్లు రావచ్చు. దానికి తరగతిలో మనం పెట్టిన పేరు పరధ్యానం. దక్కే మందు బెత్తం. ఈఈజీ గదిలో అదే పిల్లవాడిని మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటే, చాలాసార్లు ఆ గీత కళ్లముందే మొదలవుతుంది. మందులతో ఎక్కువమందికి అదుపులోకి వస్తుంది. అయితే పరీక్ష సమయంలో గీత మామూలుగా ఉన్నంతమాత్రాన మూర్ఛ లేదని కాదు. డాక్టరు ముందుగా చూసేది అది వచ్చిన తీరునే. ఫోనులో తీసిన వీడియో కూడా బాగా పనికొస్తుంది.

పడిపోయే రకం గురించి మనకి వేరే చెప్పనక్కర్లేదు. మా చిన్నప్పుడు మా వీధిలో ఒకబ్బాయి ఉండేవాడు, పేరు రాయను. ఫిట్స్ వచ్చినప్పుడల్లా ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టి నొక్కేవారు. రెండు నిమిషాలకి తగ్గేది. తాళాల వల్లే తగ్గిందనుకునేవారు. నిజానికి చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆ గుత్తికి వచ్చిన పేరంతా అలా వచ్చిందే. చేయాల్సింది పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టడం, తల కింద మెత్తటిది పెట్టడం, నోట్లో ఏదీ పెట్టకపోవడం, గడియారం చూడటం. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ అబ్బాయిని తాయెత్తుల చుట్టూ తిప్పారు గాని డాక్టరు దగ్గరకి తీసుకెళ్లలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది.

ఆయుర్వేదం దీన్ని అపస్మారం అంది. స్మృతి తప్పడం అని. పత్రికల్లో మనం రోజూ చదివే అపస్మారక స్థితి ఆ మాట చుట్టమే. నటరాజు పాదం కింద ఉన్న మరుగుజ్జు పేరూ అపస్మారుడే. చరకుడు దీన్ని జబ్బుగానే వర్ణించి చికిత్స చెప్పాడు. గ్రీసులో హిప్పోక్రటీసు పేరుతో ఉన్న గ్రంథం కూడా ఇది దైవశాపం కాదని వాదించింది. రెండు చోట్లా వైద్యులు చెప్పింది ఒకటి, జనం నమ్మింది ఇంకొకటి.

యంత్రం వచ్చాక అంతా చక్కబడిందని రాస్తే బాగుండేది, కానీ అది నిజం కాదు. 1933లో నాజీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వంశపారంపర్య జబ్బులని ముద్రవేసిన వాటితో బాధపడేవారికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయవచ్చు. ఆ జాబితాలో మూర్ఛ ఉంది. మొత్తం మీద సుమారు 4 లక్షల మంది ఆ చట్టానికి బలయ్యారు. ఆ కేసుల అప్పీళ్లు విన్న జేనా కోర్టులో సభ్యుడిగా కూర్చున్నవారిలో హాన్స్ బెర్గర్ ఒకరు. నాజీలు ఆయన్ని వేధించారని చాలాకాలం పాఠ్యపుస్తకాలు రాశాయి. పాత రికార్డులు తిరగేసిన పరిశోధకులు అది నిజం కాదని తేల్చారు. 1941లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఐదేళ్లపాటు తన గీతనే అనుమానించిన మనిషి, ఆ చట్టాన్ని అంతగా అనుమానించలేదు. ఆయన్ని ఈఈజీ పితామహుడని పొగిడేటప్పుడు ఈ వాక్యం కూడా చేర్చడం న్యాయమని నా అభిప్రాయం.

మన దేశానికి వస్తే, మాంట్రియల్‌లో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాందీ 1949లో వెల్లూరులో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. చిత్తూరు, నెల్లూరు వైపువారికి తలకి జబ్బంటే వెల్లూరే దిక్కుగా ఉన్న రోజులు చాలాకాలం సాగాయి. పెన్‌ఫీల్డ్ సహచరుడు హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రకటించిన పద్ధతి ప్రకారమే నేటికీ తల మీద తీగలు అతికిస్తారు. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా టేపుతో కొలిచి, 10 శాతం, 20 శాతం దూరాల్లో గుర్తులు పెడతారు. పసివాడి తలకైనా పెద్దవాడి తలకైనా అదే లెక్క. ఇంత సొగసైన కొలత పద్ధతి నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు.

అయితే 1976లో, ఇంచుమించు మన బడి పుట్టిన రోజుల్లోనే, హిందూ వివాహ చట్టానికి చేసిన సవరణలో పదేపదే ఉన్మాదం గాని మూర్ఛ గాని వచ్చేవారికి వివాహార్హత లేదని చేర్చారు. అలాంటి పెళ్లిని కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవచ్చు. జబ్బు మెదడులో విద్యుత్ సమస్య అని రుజువై అప్పటికి నలభై ఏళ్లు దాటింది. 1999 డిసెంబరులో గాని మూర్ఛ అన్న మాటను ఆ చట్టంలోంచి తీసేయలేదు. బెర్గర్ మొదటి గీత తీసి అప్పటికి 75 ఏళ్లు.

చట్టంలోంచి పోయినా సంబంధాలు చూసేచోట ఆ మాట ఇంకా ఉంది. ఆడపిల్లకి ఫిట్స్ ఉందని దాచిపెట్టి పెళ్లి చేయడం, అత్తారింట్లో మాత్రలు కనబడకూడదని మానిపించడం ఇప్పటికీ వింటున్నాం. మాత్ర ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, పెళ్లీడు పిల్లల తల్లిదండ్రులు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఎవరింట్లోనైనా ఆ మాత్రలు వాడుతున్న అమ్మాయి ఉంటే, డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానిపించకండి.