పార్కు బాట నుంచి డీ-అడిక్షన్ వార్డు దాకా

1987లో ఒక రోజు, కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్‌లో ఫ్రాన్సీన్ షాపిరో పార్కులో నడుస్తున్నారు. ఆమె మొదట చదువుకున్నది ఇంగ్లీషు సాహిత్యం. క్యాన్సర్ బారిన పడి కోలుకున్నాక, మనసుకూ దేహానికీ ఉన్న లంకె ఏమిటో తెలుసుకోవాలని సైకాలజీ వైపు మళ్లారు. ఆ రోజు తనను కలతపెడుతున్న ఆలోచనలు నడుస్తుండగానే చప్పబడిపోవడం గమనించారు. కావాలని మళ్లీ గుర్తుచేసుకున్నా మునుపటి బాధ లేదు. ఆ ఆలోచనలు వచ్చినప్పుడల్లా తన కళ్లు అటూ ఇటూ వేగంగా కదులుతున్న సంగతి అప్పుడు ఆమె దృష్టికి వచ్చింది.

షాపిరో దాన్ని అంతటితో వదిలేయలేదు. స్నేహితులతో, తెలిసినవాళ్లతో, సుమారు 70 మందితో ప్రయత్నించి చూశారు. చాలామంది తమంతట తాము కళ్లను అలా కదుపుతూ ఉండలేకపోయారు. అందుకే తన వేళ్లు వాళ్ల ముందు ఆడించి, వాటినే చూడమన్నారు. చికిత్సకు గుర్తుగా నిలిచిపోయిన ఆ వేళ్ల కదలిక అలా పుట్టింది. 1989లో 22 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. వారిలో వియత్నాం యుద్ధం చూసిన సైనికులు, లైంగిక దాడికి గురైనవారు ఉన్నారు. భయం తగ్గడంతో పాటు జ్ఞాపకానికి మనసు చెప్పుకునే అర్థమే మారుతోందని గ్రహించి, 1991లో పద్ధతి పేరును ‘ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్’, అంటే ఈఎండీఆర్‌గా మార్చారు. ‘తప్పు నాదే’ అనుకుంటూ వచ్చిన మనిషి ‘అది అయిపోయింది, ఇప్పుడు నాకు భయం లేదు’ అనగలగడమే ఆ మార్పు.

వేళ్లాడించి అనుమానం రేకెత్తించిన పద్ధతి ఇది. కళ్లు కదిలితే మనసుకు తగిలిన గాయం ఎలా మానుతుందని నిపుణులే నిలదీశారు. దానికి ఇప్పుడు ఎక్కువగా వినిపించే వివరణ ఇది: చేదు దృశ్యాన్ని మనసులో పట్టి ఉంచడం, వేళ్లను వెంబడించడం ఒకేసారి చేయాల్సివస్తే మనసుకు రెండింటికీ చోటు చాలదు. దృశ్యం రంగు వెలుస్తుంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఘోరమైన అనుభవాల తర్వాత వెంటాడే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీకి ఈ చికిత్సను సిఫారసు చేసింది.

మరి ఇదే చికిత్స తాగుడుకు పనికొస్తుందా? తాగేవాళ్లలో చాలామంది గొంతు తడుపుకోవడానికి తాగరు, గుండె మంట చల్లార్చుకోవడానికి తాగుతారు. చిన్నతనంలో హింస, నిరాదరణ వంటివి నాలుగు, అంతకు మించి ఎదుర్కొన్నవారికి తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం తేల్చింది. అయినా ఎన్నో ఏళ్లు వైద్యం ఇలాంటివారిని రెండు గుమ్మాల మధ్య తిప్పింది. గాయానికి వైద్యం చేసేవాళ్లు ‘ముందు తాగుడు మాని రా’ అనేవారు, తాగుడు మాన్పించేవాళ్లు ‘పాత సంగతులు తర్వాత చూద్దాం’ అనేవారు.

1990లలో ఎ.జె. పాప్కీ అనే థెరపిస్టు ఈఎండీఆర్ గురిని తిప్పారు. పాత గాయంతో పాటు, తాగాలనిపించే ఆ క్షణాన్నీ పట్టుకున్నారు. సాయంత్రం ఆరు, పని ముగిసిన అలసట, వైన్ షాపు ముందు లైట్లు. అప్పుడు పుట్టే తహతహ 0 నుంచి 10 వరకు ఎంతో చెప్పమని, ఆ దృశ్యాన్ని మనసులో నిలిపి కళ్లు కదపమన్నారు. జర్మనీలో మైఖేల్ హాసే వ్యసనం తాలూకు జ్ఞాపకాన్నే ఎంచుకున్నారు. 2008లో 34 మంది మద్య బాధితులతో జరిపిన పరీక్షలో, మామూలు చికిత్సకు రెండు ఈఎండీఆర్ సెషన్లు జోడించిన వారిలో తహతహ బాగా తగ్గింది.

కథ అక్కడితో ఆగి ఉంటే ఇది ప్రచారం అయ్యేది. 2014లో ఫ్రాన్స్‌లో 12 మంది మహిళలపై జరిపిన పరీక్షలో గాయం తాలూకు బాధ తగ్గింది, వ్యసన లక్షణాల్లో మాత్రం అంత తేడా కనబడలేదు. 2020లో నెదర్లాండ్స్‌లో 109 మందితో జరిపిన పెద్ద పరీక్షలో, తాగుడు జ్ఞాపకంపై గురిపెట్టిన ఈఎండీఆర్ మామూలు చికిత్సకు అదనంగా ఏమీ కలపలేదు. ఈ ఫలితాలు దాచకుండా అచ్చయ్యాయి. వాటివల్లే ఒకటి స్పష్టమవుతోంది: గాయానికి ఈ చికిత్స మేలు చేస్తుంది, తాగుడుకు ఇదొక్కటే మందు కాదు.

అందుకే క్రమం ముఖ్యం. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి భ్రమించవచ్చు, ప్రాణానికే ముప్పు. ముందు డాక్టరు పర్యవేక్షణలో ఒంట్లోంచి మద్యాన్ని దిగనివ్వాలి. తర్వాత కౌన్సెలింగ్, ఇంటివాళ్ల అండ. థెరపిస్టు మొదట మనసు నిలదొక్కుకునేలా చేస్తారు. ప్రశాంతంగా అనిపించే ఒక చోటు, చెరువు గట్టో అమ్మమ్మగారి పెరడో, కళ్లముందు నిలుపుకోవడం నేర్పుతారు. బాధ పొంగితే తిరిగి వచ్చి కూర్చోవడానికి ఆ చోటు. అది కుదిరాకే పాత జ్ఞాపకం తలుపు తీస్తారు.

షాపిరో 2019లో కన్నుమూశారు. ఆ పార్కులో ఆమె చేసిన పని తన బాధను తానే శ్రద్ధగా గమనించడం. సీసా ఎత్తేవాడు తన బాధ నుంచి చూపు తిప్పుకుంటాడు. అతన్ని ‘తాగుబోతు’ అని తీసిపారేసే మనమూ చూపు తిప్పుకుంటాం. ఆ చూపును తిరిగి బాధ వైపు మళ్లించడమే వైద్యానికి మొదటి మెట్టు.