విరమణ వయస్సు: గడువు, భరోసా

ఉద్యోగం పురుషలక్షణమని లోకోక్తి. అది పోయినచో అవలక్షణమని లోకమే ఆ మాటకు తోక తగిలించినది. కాని ఏ ఉద్యోగమైనను ఒకనాడు పోక తప్పదు. అది ఏనాడు పోవలెను, ఆ నాటిని నిర్ణయించువారెవరు అన్నదే ప్రశ్న. తల నెరసి, మనుమని ముఖం చూచిన గృహస్థు వానప్రస్థానికి వెళ్ళవలెనని ధర్మశాస్త్రకారులు చెప్పినారు. వారు చెప్పినది లక్షణం, సంఖ్య కాదు. ఆధునిక రాజ్యం నెరసిన తలను చూడదు. సర్వీసు రిజిస్టరులోని పుట్టిన తేదీని చూచును.

జర్మనీలో బిస్మార్కు కాలాన 1889లో వెలసిన వృద్ధాప్యపు పింఛను చట్టం 70 ఏండ్లను హద్దుగా పెట్టినది. 1916లో అది 65కు దిగినది. మన దేశంలో 1922లో అమలులోనికి వచ్చిన ఫండమెంటల్ రూల్సులోని 56వ నిబంధన సామాన్యంగా 55 ఏండ్లను హద్దు చేసినది. చైనాతో యుద్ధం జరిగిన 1962 సంవత్సరాంతాన కేంద్రప్రభుత్వం దానిని 58కి పెంచినది. 1998లో 60 చేసినది. ఆంధ్రప్రదేశ్ 58ని స్వీకరించినది 1979లో. సంఖ్య పెరుగుచున్నంత కాలం దాని స్వభావాన్ని గూర్చి ఆలోచించవలసిన అవసరం ఎవరికిని కలుగలేదు. అది తగ్గిన నాడు కలిగినది.

1983 జనవరి 9న నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రి అయినారు. నెలనాళ్ళకే, ఫిబ్రవరి 8న, చివరి తరగతి సిబ్బంది మినహా తక్కిన ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించుచు ఉత్తర్వు వెలువడినది. ఆ నెల 28వ తేదీకి 55 నిండిన వారందరు ఆనాడే సెలవు పుచ్చుకొనవలసి వచ్చినది. ఈ మార్పు వలన 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థలలో మరి 10,000 మంది పదవులు విడిచినారు. నిరుద్యోగులైన యువకులకు చోటు కల్పించుట ప్రభుత్వం చూపిన కారణం. దీనిని తేలికగా త్రోసివేయుట సాధ్యం కాదు. చదువు ముగించి ఇంట కూర్చున్న కొడుకు ఒకవైపు, ఇంకను పనిచేయగల తండ్రి మరొకవైపు ఉన్నారు. ఉన్న కుర్చీ ఒకటే అయినప్పుడు న్యాయం ఎవరి పక్షాన నిలువవలెను?

ఉద్యోగులు ఢిల్లీకి వచ్చి సుప్రీంకోర్టు తలుపు తట్టినారు. దేశంలో ఆయుర్దాయం పెరిగినదనియు, 55 ఏండ్లకే మనిషి అసమర్థుడు కాడనియు వాదించినారు. 1985 జనవరి 18న ప్రధాన న్యాయమూర్తి వై. వి. చంద్రచూడ్ తీర్పు చెప్పుచు వారి వాదాన్ని త్రోసిపుచ్చినారు. యువజనులకు ఉపాధి కల్పించుట విరమణ వయస్సును నిర్ణయించు విధానంలో ఒక భాగమే అని న్యాయస్థానం అభిప్రాయపడినది.

ఈలోగా రాష్ట్రంలో రాజకీయం తారుమారైనది. 1984 ఆగస్టులో నెలదినాలు మాత్రమే నిలిచిన నాదెండ్ల భాస్కరరావు మంత్రివర్గం, 23వ తేదీన 58 ఏండ్ల హద్దును పునరుద్ధరించినది. కాని నడుమ విరమించిన వారికి ఆ మేలు దక్కలేదు. వారు మరల ఢిల్లీ దారి పట్టినారు. 1985లోనే వెలువడిన రెండవ తీర్పులో, తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, వారిని వెలివేసిన నిబంధనను కొట్టివేసినారు. 58 నిండని వారిని తిరిగి చేర్చుకొనవలెననియు, నిండిన వారికి నష్టపరిహారం ఇవ్వవలెననియు తీర్పు సారాంశం.

ఈ రెండు తీర్పులను కలిపి చదివినచో ఒక విషయం తేటపడును. హద్దును నిర్ణయించు అధికారం రాజ్యానిది. కాని ఒకసారి చెప్పిన తేదీ మీదనే ఉద్యోగి తన సంసారాన్ని కట్టుకొనును. ఇంటి అప్పు వాయిదాలు, ఆడపిల్ల పెండ్లి, చిన్నవాని కాలేజీ చదువు అన్నియు ఆ లెక్కకు లోబడియే సాగును. కనుక 58 అన్న అంకెకు రెండు అర్థాలు గలవు. ఆ నాటికి వెళ్ళిపోవలెనన్నది మొదటిది. తగిన కారణం లేక అంతవరకు ఎవరును కదల్పరాదన్నది రెండవది. ఒకటి గడువు, మరొకటి భరోసా. 1983లో ఉద్యోగులను కలచివేసినది గడువు కాదు. ఇరువది దినాలలో చెరిగిపోయిన భరోసా.

ఆశ్చర్యకరమైన సంగతి ఏమనగా, 58 తిరిగివచ్చిన ఆ వారంలోనే, 1984 ఆగస్టు 18న, పారిశ్రామిక వివాదాల చట్టానికి పార్లమెంటు చేసిన ఒక సవరణ అమలులోనికి వచ్చినది. అంతకుముందు 1976లో, స్టేట్ బ్యాంకులో తొమ్మిది దినాలకు నియమితుడైన ఒక ఉద్యోగి విషయంలో, నియామకపు గడువు దానంతట అదే ముగిసినను అది తొలగింపే అగునని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పియుండిరి. తొలగింపు అయినచో నోటీసు, పరిహారం ఇవ్వవలెను. కొత్త సవరణ ఆ తీర్పును తిరుగవేసినది. ఒప్పందపు కాలం ముగిసి, అది పొడిగింపబడకపోయినచో దానిని తొలగింపు అనరాదని పలికినది. హైదరాబాదులో భరోసా తిరిగివచ్చుచుండగా, ఢిల్లీలో భరోసా లేని గడువునకు చట్టమే చోటు చేసినది.

దాని ఫలం ఢిల్లీ పొలిమేరలలోనే కనబడినది. కేంద్ర జలసంఘపు ఫరీదాబాద్ కార్యాలయంలో ఊడ్చి శుభ్రపరచు స్త్రీలు, తోటమాలి, పదేండ్లకు పైబడి ఏటేట ‘తాత్కాలికులు’గానే పనిచేసినారు. 2018 అక్టోబరులో వారిని ముందస్తు నోటీసు లేకయే పంపివేసినారు. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు వారిని తిరిగి తీసుకొని క్రమబద్ధం చేయవలెనని ఆదేశించినది. నిత్యం జరుగవలసిన పనికి తాత్కాలికమను పేరు పెట్టినంత మాత్రాన అది తాత్కాలికం కాదని తీర్పు భావం.

నిర్ణీతకాల నియామకం పరిశ్రమలలో 2003లో ప్రవేశించి, 2007లో తొలగి, 2018లో అన్ని రంగాలకు వ్యాపించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దానిని స్థిరపరచినది. శాశ్వతోద్యోగితో సమానమైన వేతనాన్ని, ఏడాది సేవకే గ్రాట్యుటీని కల్పించినది. ఇది మేలే. కాని ఏడాది పిమ్మట ఏమగునన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగుల హద్దును 2022లో 62కు, తెలంగాణ 2021లో 61కి పెంచినవి. ఒకరి అంకె పెరుగుచున్నది. పక్క బల్లవద్ద కూర్చున్న మరొకరికి అంకెయే లేదు. 1983లో చోటు కల్పింపవలెనని చెప్పిన ఆ యువకుని కొడుకు నేడు ఆ రెండవ బల్లవద్ద కూర్చుండి, మార్చి నెలాఖరున ఒప్పందం పొడిగింతురా లేదా అని ఎదురుచూచుచున్నాడు.