ఏఎన్నార్ చివరి సినిమా 'మనం'.. అమ్మానాన్నలను కలిపిన తొంభై ఏళ్ల కొడుకు!

'దేవదాసు' (1953), 'ప్రేమ్ నగర్' (1971), 'ప్రేమాభిషేకం' (1981).. ఏ తరం వాళ్లను అడిగినా అక్కినేని నాగేశ్వరరావు అంటే ప్రేమకథల హీరోనే. మరి ఆయన చివరిసారి కెమెరా ముందుకొచ్చిన సినిమా ఏంటి? 2014 మే 23న విడుదలైన 'మనం'. ప్రేమ, నవ్వులు, పునర్జన్మ కలిపి దర్శకుడు విక్రమ్ కె.కుమార్ తీసిన సినిమా ఇది. అప్పటికి ఏఎన్నార్ మన మధ్య లేరు. అదే ఏడాది జనవరి 22న కన్నుమూశారు.

కథ కాస్త తికమకే, ముఖ్యంగా పేర్ల దగ్గర. తెరపై నాగార్జున పేరు నాగేశ్వరరావు, నాగచైతన్య పేరు నాగార్జున, పెద్దాయన ఏఎన్నార్ పేరేమో చైతన్య! చిన్నప్పుడే కారు ప్రమాదంలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న వ్యాపారవేత్త నాగేశ్వరరావుకు, వాళ్లు మళ్లీ పుట్టి కుర్రాళ్లుగా (నాగచైతన్య, సమంత) కనిపిస్తారు. ఇద్దరినీ ప్రేమలో పడేయాలని ఆయన నానా తంటాలు పడతాడు. తనకన్నా చిన్నోడిని పట్టుకుని నాన్నా అంటుంటే నవ్వాగదు.

అసలు మలుపు ఏఎన్నార్ వచ్చాకే. ఆస్పత్రిలో నాగార్జున, శ్రియలను చూసిన ఆ ముసలాయనకు, ఎప్పుడో చిన్నతనంలో పోయిన తన తల్లిదండ్రులు వీళ్లేనని తెలిసిపోతుంది. ఇక ఈయన కూడా అదే పనిలో దిగుతాడు. ఎన్నో ఏళ్లు తనే హీరోయిన్ల వెంటపడిన హీరో, చివరి సినిమాలో వేరే జంటను కలిపే పెద్దమనిషి అయ్యారన్నమాట. హాలీవుడ్‌లో కేరీ గ్రాంట్‌దీ ఇదే దారి. 1966లో వచ్చిన తన ఆఖరి సినిమా 'వాక్, డోంట్ రన్'లో హీరోయిన్‌ను కుర్రాడికి వదిలేసి, వాళ్లిద్దరినీ కలిపే పాత్ర చేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికినా మళ్లీ నటించలేదు. ఏఎన్నార్‌కు అంత టైమ్ లేదు.

2013లో 'మనం' పనిలో ఉండగానే ఆయనకు క్యాన్సర్ అని తేలింది. దాచిపెట్టలేదు. అక్టోబర్‌లో మీడియాను పిలిచి తనే చెప్పారు. ఆపరేషన్ జరిగింది. కోలుకునేదాకా ఆగితే ఆలస్యమైపోతుందేమోనని డబ్బింగ్ ఏర్పాట్లు ఇంటికే తెప్పించుకుని తన డైలాగులు పూర్తి చేశారు. సినిమాలో వినిపించేది ఆ గొంతే. పత్తికొండలో మా ఇంట్లో టీవీలో 'మనం' వస్తే మా అవ్వ చూడకపోయినా ఆ గొంతు విని వంటింట్లోంచి వచ్చి కూర్చుంటుంది. అది మంచం పక్కన రికార్డయిందని ఆమెకు చెబితే ఒక పట్టాన నమ్మలేదు.

కామెడీ ఏఎన్నార్‌కు కొత్తేం కాదు. 'దేవదాసు' తర్వాత విషాద హీరో ముద్ర పడిపోతుందని, 1955లో 'మిస్సమ్మ'లో నవ్వించే డిటెక్టివ్ వేషం కోరి మరీ వేశారంటారు. మెయిన్ హీరో ఎన్టీఆర్ అయినా సరే! ఆ సినిమా తీసింది చక్రపాణి, మన కడప జిల్లా నాగిరెడ్డి. 1962లో 'గుండమ్మ కథ' కూడా ఆ సంస్థదే.

'మనం'లో ఒక టైమ్ పదే పదే వస్తుంది. ఫిబ్రవరి 14, ఉదయం 10:20, క్లాక్ టవర్. రెండు జన్మల్లోనూ ప్రమాదం అక్కడే. మూడోసారి ఆపాలని కొడుకులిద్దరూ పరిగెడతారు. చివర్లో బైక్‌పై వచ్చి కాపాడే కుర్రాడు అఖిల్, అంటే ఏఎన్నార్ ఇంకో మనవడు.

'మనం'కు ఉత్తమ తెలుగు చిత్రంగా ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో శతజయంతి సందర్భంగా దేశంలోని పలు నగరాల్లో ఏఎన్నార్ సినిమాలు పది వేశారు. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ'తో పాటు ఆ లిస్టులో 'మనం' కూడా ఉంది.