ఏడు మాటల చరిత్ర

రాజ్యపాలనలో ఇస్లాం స్థానమేమిటని ఎవరైనా అడిగితే మనం వెంటనే అరబ్బు దేశాల వైపు చూస్తాము. మేము తరగతిలో ఇండోనేషియా పాఠం చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "సార్, అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ముస్లిములే కదా! మరి ఇస్లాం రాజ్యమతమని ఎందుకు రాసుకోలేదు?" అన్నాడు. ప్రశ్న చిన్నదే గాని జవాబు చాలా పెద్దది.

1945 జూన్ 22న తొమ్మిదిమంది పెద్దలు రాజ్యాంగ పీఠిక తయారుచేశారు. అందులో ముస్లిములు షరీఅత్‌ను పాటించే బాధ్యత కలిగియుందురనే అర్థమిచ్చే మాటలున్నాయి. వారి భాషలో అవి సరిగ్గా ఏడు. ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించారు. ఆ మాటలుంటే తూర్పు దీవుల క్రైస్తవులు కలిసి ఉండరని హట్టాగారికి కబురందింది. మరునాడే ఆయన ముస్లిం నాయకులతో మాట్లాడారు. ముహమ్మదియా పెద్ద కీ బాగుస్ హదికుసుమో అంత తేలికగా ఒప్పుకోలేదు. చివరకు ఏడు మాటలు పోయి, ఏకైక దైవంపై విశ్వాసమనే మాట నిలిచింది.

అంతటితో వాదం ఆగిందా? లేదు. 1955 ఎన్నికలలో మస్యూమీకి 20.9 శాతం, నహ్‌దతుల్ ఉలమాకు 18.4 శాతం ఓట్లు వచ్చాయి. చిన్న పక్షాలను కలిపినా ఇస్లామీ పక్షాలకు సగం రాలేదు. రాజ్యాంగసభలో ఏ పక్షానికీ మూడింట రెండు వంతుల బలం లేక పని నిలిచిపోయింది. 1959 జూలై 5న సుకర్నో ఆ సభను రద్దుచేసి 1945 రాజ్యాంగాన్నే తిరిగి తెచ్చారు.

2002లో కొన్ని పక్షాలు ఆ ఏడు మాటలను మళ్ళీ చేర్చాలన్నాయి. వద్దన్నది ఎవరనుకున్నారు? మదర్సాల పెద్దలున్న నహ్‌దతుల్ ఉలమా, వారితోపాటు ముహమ్మదియా! మతాచరణ సర్కారు నిర్బంధం కారాదనీ, దేశ ఐక్యత చెడరాదనీ వారి వాదన. ప్రతిపాదన వీగిపోయింది. అయితే ఆచే ప్రాంతానికి మాత్రం 2001 చట్టం షరీఅత్ అమలుకు వీలు కల్పించింది.

1945లో ఆ పీఠికపై సంతకం చేసిన తొమ్మిదిమందిలో వాహిద్ హాషిం ఒకరు. ఆయన కొడుకు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఇస్లామీ రాజ్యం అక్కరలేదని వాదించినవారు. 1999 నుండి 2001 దాకా ఆయనే అధ్యక్షులు. తండ్రీ ఆలిమే, కొడుకూ ఆలిమే. అభిప్రాయాలు వేరైనా ఇద్దరి నమాజు ఒక్కటే.

ఆ పిల్లవాడికి మేము చెప్పినదీ ఇదే. ఇటువంటి ప్రశ్నలపై మనలో మాటా మాటా వచ్చినప్పుడు ఎదుటివాని ఈమాన్‌ను శంకించకుండా మాట్లాడుకొనే తౌఫీక్‌ను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.